పాఠకుల ప్రశ్నలు: బంతిని తాకకుండా ఆడే ఫుట్‌బాల్

గత సంచికలో ఇంట్లో టీవీకి తగిలించి ఆడుకునే కన్సోళ్ల గురించి రాసినప్పుడు, ఫుట్‌బాల్ మేనేజర్ ఆటలను ఒక్క వాక్యంలో ప్రస్తావించి వదిలేశాము. ఆ ఒక్క వాక్యం మీదే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. అందుకని ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు ప్లేస్టేషన్ 5లో ఫుట్‌బాల్ ఆడుతున్నానంటాడు గానీ, తెర మీద బంతి కనిపించేది తక్కువ, పేర్లూ అంకెలూ కనిపించేది ఎక్కువ. గంటసేపు పక్కన కూర్చుని చూశాను, వాడు ఒక్క గోల్ కూడా కొట్టలేదు. ఇందులో ఆడేది ఏముంది? (ఒక తండ్రి, తెనాలి)

మీ అబ్బాయి ఆడుతున్నది ఆటగాడి పాత్ర కాదండీ, మేనేజర్ పాత్ర. మన ఆఫీసుల్లో మేనేజర్ అంటే వచ్చే అర్థం ఇక్కడ పనికిరాదు. బ్రిటన్ ఫుట్‌బాల్ క్లబ్బులలో మేనేజర్ అంటే జట్టును ఎంపిక చేసేవాడు, శిక్షణ ఎలా సాగాలో నిర్ణయించేవాడు, ఏ ఆటగాడిని కొనాలో ఎవరిని అమ్మాలో చెప్పేవాడు, ఓడినప్పుడు అందరికంటే ముందు ఉద్యోగం పోగొట్టుకునేవాడు. ఈ ఆటల్లో అతని కుర్చీ మీకిస్తారు. బంతిని తన్నే పని తెర మీది పదకొండుమందిదే. మీరు చెప్పింది వాళ్లు ఎంతవరకు చేయగలిగారో చూడటం, చూసి మళ్లీ చెప్పడం మీ పని.

ఆడేది ఏముందన్నారు కనుక, నా ఆటలోనే మొన్న జరిగిన ఒక సంగతి చెబుతాను. జనవరి నెల, ఆటగాళ్ల కొనుగోళ్లకు గడువు ముగియడానికి ఇంకా రెండు రోజులుంది. ఎడమవైపు డిఫెండర్‌కు గాయమై ఆరు వారాలు ఆడలేడన్నారు. అదే సాయంత్రం మా ప్రధాన ఫార్వర్డ్‌ను కొంటామని ఒక పెద్ద క్లబ్బు కబురు పంపింది. ఆ క్లబ్బుది కడుపు నిండిన బేరం, మేము కాదంటే ఇంకొకరిని చూసుకుంటుంది. అమ్మితే వచ్చే డబ్బుతో ఇద్దరు డిఫెండర్లను కొనవచ్చు, కానీ మిగిలిన సీజనులో గోల్స్ కొట్టేవాడుండడు. అమ్మకపోతే, పెద్ద అవకాశం చెడగొట్టారని ఆ కుర్రవాడు మొహం ముడుచుకుంటాడు, ఆ చికాకు అతని ఆటలోనూ కనిపిస్తుంది. పైగా, గాయపడినవాడి స్థానంలో అకాడమీ (క్లబ్బు కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చే విభాగం) నుంచి 18 ఏళ్ల పిల్లవాణ్ణి దింపాలా, లేక కుడికాలి ఆటగాణ్ణి ఎడమవైపు సర్దాలా అన్నది రేపటి మ్యాచ్‌లోగా తేల్చుకోవాలి. ఈ నాలుగు ముడులూ ఒకదానికొకటి బిగుసుకుని ఉన్నాయి. నేను ఫార్వర్డ్‌ను అమ్మలేదు, పిల్లవాణ్ణి దింపాను, అరగంట పాటు తెర మీద పేర్లూ అంకెలే చూస్తూ కూర్చున్నాను. మీ అబ్బాయి చేస్తున్నదీ అదే.

ఆ అంకెల సంగతి కూడా చెప్పాలి. ఈ తరహాలో అందరికీ తెలిసిన ‘ఫుట్‌బాల్ మేనేజర్’లో ప్రతి ఆటగాడికీ వేగం, పాసింగ్, ధైర్యం, ఏకాగ్రత, జట్టుకోసం కష్టపడే గుణం వంటివాటికి 1 నుంచి 20 వరకు మార్కులుంటాయి. నిలకడ ఎంత, పెద్ద మ్యాచ్‌లలో తట్టుకోగలడా, తరచూ గాయపడే శరీరమా అన్నవి మాత్రం పైకి కనిపించకుండా దాచి ఉంచుతారు. వాటిని అసిస్టెంట్ల నివేదికలను బట్టీ, మ్యాచ్‌లలో చూసినదాన్ని బట్టీ ఊహించుకోవాలి. వచ్చే సెలవుల్లో గోల్ ఎందుకు కొట్టలేదని కాకుండా, ఫలానావాణ్ణి జట్టులోంచి ఎందుకు తీశావని అడిగి చూడండి. మీరు ఊహించనంత సేపు మాట్లాడతాడు.

ప్రశ్న: నా దగ్గర ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ ఉంది. లాప్‌టాప్ ఆఫీసుది కనుక దానిలో ఆటలు పెట్టలేను. ‘ఫుట్‌బాల్ మేనేజర్’ కన్సోల్ ఎడిషన్‌లో చాలా తీసేశారని స్నేహితులు అంటున్నారు. అది కొంటే సగం ఆట కొన్నట్టేనా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కొండాపూర్, హైదరాబాద్)

మీ స్నేహితులు చెప్పినదాంట్లో నిజముంది గానీ, సగం ఆట అన్న మాటతో నేను ఏకీభవించను.

మొదట కన్సోల్‌కు ఉన్న అసలు చిక్కు ఏమిటో చూడండి. కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి తెర మూరెడు దూరంలో ఉంటుంది, చేతిలో మౌస్ ఉంటుంది, ఒకే పేజీలో నలభై వరుసల పట్టిక పెట్టినా ఇబ్బంది లేకుండా చదువుకుంటాడు. టీవీ ముందు సోఫాలో కూర్చున్నవాడికి తెర గదికి అవతలి గోడ మీద ఉంటుంది. అక్షరాలు పెద్దవి చేయాలి, పెద్దవి చేస్తే పేజీలో పట్టేవి తగ్గుతాయి, తగ్గితే పేజీలు పెరుగుతాయి, పేజీలు పెరిగితే కంట్రోలర్ మీటలతో ఒకదాన్నుంచి మరొకదానికి వెళ్లడమే ఒక పని అవుతుంది. చదవడమే ప్రధానమైన ఆటను చదవడానికి అనువుగా లేని చోట పెట్టవలసి రావడం ఈ తరహా పుట్టినప్పటినుంచీ ఉన్న ఇబ్బంది. కంట్రోలర్‌తో మీటలు నొక్కడం కష్టమని చాలామంది రాస్తారు, అది నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. దూరం సమస్య అలవాటు కాదు.

రెండో చిక్కు ఆటను దాచుకునే చోటు. తొలి ప్లేస్టేషన్ మెమొరీ కార్డులో పట్టేది 128 కిలోబైట్లు. వేలమంది ఆటగాళ్ల వయసు, జీతం, గాయం, మనసు రోజురోజుకూ మారుతూ ఉంటే, ఆ మార్పులన్నీ అంత చిన్న కార్డులో దాచడం అయ్యేపని కాదు. ప్లేస్టేషన్ 2 కార్డు 8 మెగాబైట్లకు పెరిగింది, అదీ చాలదు. 2001లో వచ్చిన మొదటి ఎక్స్‌బాక్స్‌లో హార్డ్‌డిస్కు లోపలే అమర్చి ఇచ్చారు, ఆ తర్వాతి ఏడాదే కంప్యూటర్ల మీద పేరుమోసిన ‘చాంపియన్‌షిప్ మేనేజర్’ 01/02 సీజను ఎడిషన్ దాని మీదికి వచ్చింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని నా నమ్మకం.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. ‘ఫుట్‌బాల్ మేనేజర్’ కన్సోల్ ఎడిషన్‌లో విలేఖరుల సమావేశాల వంటి రోజువారీ తతంగం తగ్గించారు, శిక్షణలో చాలా భాగాన్ని సహాయ కోచ్‌లకు వదిలేయవచ్చు, ఒకేసారి నడిచే దేశాలూ లీగులూ కంప్యూటర్ ఎడిషన్‌లో కంటే తక్కువ. అయితే మ్యాచ్ నడిపించే యంత్రాంగం, ఆటగాళ్ల వివరాల భాండాగారం రెండూ కంప్యూటర్ ఎడిషన్ కుటుంబానివే. అంటే మీరు 4-3-3 ఫార్మేషన్‌లో (వెనక నలుగురు, మధ్యలో ముగ్గురు, ముందు ముగ్గురు నిలబడే అమరికలో) మధ్యలో ఎవరిని నిలబెట్టారు, ఎంత ముందుకు వెళ్లి ప్రత్యర్థిని అడ్డుకోమన్నారు, 70వ నిమిషంలో ఎవరిని మార్చారు అన్న నిర్ణయాల బరువు అక్కడా ఇక్కడా ఒక్కటే. తీసేసినవాటిలో ఎక్కువ భాగం పనులు, తక్కువ భాగం నిర్ణయాలు. రోజూ ఆఫీసులో ఎనిమిది గంటలు ఈ-మెయిళ్లు చదివి ఇంటికి వచ్చేవారికి, ఆటలో కూడా ఇన్‌బాక్సు తగ్గించి పెట్టడం ఉపకారమే అంటాను. కంప్యూటర్‌లో ఒక సీజను ముగించడానికి నాకు నెల పట్టేది, కన్సోల్‌లో పది పన్నెండు సాయంత్రాలలో అయిపోతోంది.

ఒక నష్టాన్ని మాత్రం దాచను. కంప్యూటర్‌లో అభిమానులు తయారుచేసే అదనపు లీగులు, క్లబ్బు చిహ్నాలు, ఆటగాళ్ల ఫోటోలు వేసుకోవచ్చు. కన్సోల్‌లో ఆ వీలు లేదు. మీకు ఇంగ్లండ్ ఎనిమిదో అంచె క్లబ్బును పట్టుకుని పైకి లాగాలని కోరిక ఉంటే నిరాశ తప్పదు.

కొనేముందు గేమ్ పాస్ (చందా కట్టినవారికి చాలా ఆటలు ఆడనిచ్చే ఎక్స్‌బాక్స్ పథకం) చందాలో ఉందేమో చూడండి. 2022, 2023, 2024 ఎడిషన్లు విడుదలైన రోజునే ఆ చందాలోకి వచ్చాయి. పాత ఎడిషన్ కొనవలసివస్తే 2024 ఎడిషన్ తీసుకోండి. ఆ తర్వాతి ఏడాది ఆటను కొత్త గ్రాఫిక్స్ యంత్రాంగం యూనిటీ మీదికి మార్చే ప్రయత్నంలో పనులు గడువులోగా పూర్తికాక, 2025 ఫిబ్రవరిలో ఆ ఎడిషన్‌ను పూర్తిగా రద్దు చేశారు. 2025 నవంబరులో వచ్చిన ‘ఫుట్‌బాల్ మేనేజర్ 26’ ఆ కొత్త పునాది మీద కట్టినదే, మహిళల ఫుట్‌బాల్‌ను మొదటిసారి చేర్చినదీ అదే. టీవీ తెరకు నాలుగైదు అడుగుల దగ్గరికి కుర్చీ జరుపుకోండి, సోఫా ఈ ఆటకు సరిపడదు.

ప్రశ్న: 2003 ప్రాంతంలో బర్మింగ్‌హామ్‌లో ఆసుపత్రి ఉద్యోగంలో ఉన్నప్పుడు, నైట్ డ్యూటీ అయ్యాక తెల్లవారుజామున క్వార్టర్స్‌లో నలుగురు తెలుగు డాక్టర్లం కలిసి ప్లేస్టేషన్ 2 మీద ‘ఎల్ఎంఏ మేనేజర్’ ఆడేవాళ్లం. ఒకడు మేనేజరు, ముగ్గురు సలహాదారులు. ఆ ఆట ఏమైంది? (ఒక వైద్యుడు, విజయవాడ)

మీ ఉత్తరం చదివి నాకు చాలా సంతోషం కలిగింది. నాకు ఎంతో ఇష్టమైన ఆట గురించి అడిగారు.

కోడ్‌మాస్టర్స్ సంస్థ బ్రిటన్‌లోని లీగ్ మేనేజర్ల సంఘం అనుమతితో, ఆ సంఘం పేరులోని మొదటి అక్షరాలనే పెట్టి, 1999లో తొలి ప్లేస్టేషన్ కోసం ఈ ఆటను తెచ్చింది. చివరిది 2007 ఎడిషన్. ఆ తర్వాత రాలేదు.

దాని గొప్పతనం తెలియాలంటే అప్పటికి కంప్యూటర్ మీద ఉన్న పరిస్థితి తెలియాలి. ఈ తరహాకు ఆద్యుడు కెవిన్ టామ్స్. 1982లో ఆయన బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ‘ఫుట్‌బాల్ మేనేజర్’ (ఇప్పటి ఆట కాదు, పేరొక్కటే) చిన్న ఇంటి కంప్యూటర్ల మీద నడిచేది, డబ్బా మీద ఆయన ఫోటోయే ఉండేది. పదేళ్ల తర్వాత, 1992లో, పాల్, ఆలివర్ కాలియర్ అనే అన్నదమ్ములు ‘చాంపియన్‌షిప్ మేనేజర్’ తెచ్చారు. అందులో మ్యాచ్ అంటే వ్యాఖ్యానం వాక్యాలుగా రావడమే. 2003లో వచ్చిన నాలుగో భాగంలో గానీ మైదానాన్ని పైనుంచి చూపి, ఆటగాళ్లను చుక్కలుగా కదిలించలేదు. మనుషుల ఆకారాలతో త్రిమితీయంగా మ్యాచ్ చూపింది ‘ఫుట్‌బాల్ మేనేజర్ 2009’లో. ‘ఎల్ఎంఏ మేనేజర్’ మాత్రం అంతకు ఎంతో ముందు నుంచే మ్యాచ్‌ను నిజమైన మైదానంలా, కదిలే మనుషులతో చూపించింది. దానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. కంప్యూటర్ ముందు కూర్చునేది ఒక్కడు, అతనికి వాక్యాలు చాలు. టీవీ ముందు నలుగురు కూర్చుంటారు, ఆ నలుగురూ కలిసి చూడటానికి ఏదో ఒకటి ఉండాలి. అది తెలిసి చేసిన ఆట కనుకనే ముగ్గురు సలహాదారులు కూడా విసుగులేకుండా తెల్లవారేదాకా కూర్చోగలిగారు.

ఆ రోజుల్లో కన్సోళ్ల మీద పోటీ బాగా ఉండేది. గ్రెమ్లిన్ సంస్థ ‘ప్రీమియర్ మేనేజర్’ ప్లేస్టేషన్ మీదికీ, నింటెండో 64 మీదికీ వచ్చింది. ఈఏ సంస్థ ‘టోటల్ క్లబ్ మేనేజర్’కు ఒక విశేషం ఉండేది. అదే ఏడాది వచ్చిన, ఆ సంస్థదే అయిన ‘ఫిఫా’ ఫుట్‌బాల్ ఆట డిస్కు కూడా మీ దగ్గర ఉంటే, మేనేజర్‌గా సిద్ధం చేసిన జట్టుతో మ్యాచ్‌ను మీ చేతులతోనే ఆడవచ్చు. జపాన్‌లో సెగా 1996లోనే సాటర్న్ కన్సోల్‌కు జె.లీగ్ (జపాన్ ఫుట్‌బాల్ లీగ్) క్లబ్బును నిర్మించే ఆటను తెచ్చింది, అందులో మీరు కోచ్ కంటే యజమాని పాత్రకు దగ్గరగా ఉంటారు.

ఆ తర్వాత కాలియర్ సోదరుల స్పోర్ట్స్ ఇంటరాక్టివ్, ప్రచురణకర్త ఐడోస్ 2003లో విడిపోయాయి. ఉమ్మడి కుటుంబంలో పంపకాలు జరిగినట్టు, ‘చాంపియన్‌షిప్ మేనేజర్’ అన్న ఇంటిపేరు ఐడోస్‌కు, ఆటగాళ్ల వివరాలూ ప్రోగ్రామూ అనే పొలం సోదరులకు దక్కాయి. పేరు దక్కినవారు కొన్నేళ్లకే వెనకబడ్డారు. పొలం దక్కినవారు సెగాతో కలిసి, 2004 నవంబరులో ‘ఫుట్‌బాల్ మేనేజర్ 2005’గా మళ్లీ మొదలుపెట్టారు. ఎక్స్‌బాక్స్ 360 మీదికి 2006, 2007, 2008 ఎడిషన్లు తెచ్చి, ఆ తర్వాత ఇంట్లో టీవీకి పెట్టే కన్సోళ్లను దాదాపు పదేళ్లపాటు వదిలేశారు. 2018లో నింటెండో స్విచ్ మీదికీ, 2020 డిసెంబరులో ఎక్స్‌బాక్స్ మీదికీ తిరిగి వచ్చారు. ప్లేస్టేషన్ 5 మీదికి 2022 నవంబరులో రావలసింది వాయిదా పడి 2023 ఫిబ్రవరి 1న వచ్చింది.

‘ఎల్ఎంఏ’ ఎందుకు ఆగిపోయిందన్నదానికి నా అభిప్రాయం చెబుతాను. ఈ ఆటలు ఏటా వేలమంది ఆటగాళ్ల వివరాలు సవరించాలి. ఊరూరా తిరిగి మ్యాచ్‌లు చూసి నివేదికలు పంపే మనుషులున్నవారి ముందు మిగిలినవారు నిలబడలేకపోయారు. మీ పాత ప్లేస్టేషన్ 2, డిస్కూ పనిచేస్తుంటే భద్రంగా దాచుకోండి, దానికి సాటివచ్చే నలుగురి ఆట ఇప్పుడు దొరకడం లేదు.

ప్రశ్న: ‘ప్రో ఎవల్యూషన్ సాకర్’లోని మాస్టర్ లీగ్ కూడా మేనేజర్ ఆటేనా? (ఒక పాఠకుడు, నెల్లూరు)

పూర్తిగా కాదు. అందులో జట్టును మీరు కట్టుకున్నా, మ్యాచ్ మీ బొటనవేళ్ల మీదే నడుస్తుంది. మీ వేళ్లు చురుకైనవైతే సాధారణమైన జట్టుతోనూ కప్పు గెలవవచ్చు. కాస్టోలో, మినాండా వంటి కల్పిత ఆటగాళ్లతో మొదలుపెట్టి, ఒక్కొక్కరినే మార్చుకుంటూ వెళ్లిన ఆ రోజులను మన దేశంలో ప్లేస్టేషన్ 2 ఉన్న ఇళ్లవారెవరూ మరచిపోలేదు. ఎంతోమందికి మేనేజర్ ఆటల రుచి తగిలింది అక్కడే.

ప్రశ్న: మొదటి పది మ్యాచ్‌లలో ఎనిమిది గెలిచాను. అదే జట్టు, అదే పద్ధతి. ఇప్పుడు వరుసగా ఐదు ఓడిపోయాను. కావాలని ఓడిస్తున్నట్టుంది. ఆట మోసం చేస్తుందా? (డిగ్రీ విద్యార్థి, ఖమ్మం)

ఈ అనుమానం ఈ ఆట ఆడే ప్రతివారికీ ఒకసారైనా వస్తుంది, నాకూ వచ్చింది. మోసం కాదు. ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, ఎనిమిది విజయాలతోనే మీ అసలు కష్టం మొదలైంది.

సీజను మొదట్లో మీది బలహీనమైన జట్టని ప్రత్యర్థులు అనుకున్నారు, గెలుద్దామని ముందుకు వచ్చి ఆడారు. వాళ్ల వెనక ఖాళీ మైదానం మిగిలింది, మీ వేగమైన ఫార్వర్డ్ అక్కడ పరుగెత్తి గోల్స్ కొట్టాడు. ఎనిమిది గెలిచాక మీ పేరు పెరిగింది. ఇప్పుడు అదే ప్రత్యర్థులు పదిమందితో తమ గోల్ ముందు గోడ కట్టి, ఒక్క పాయింటు దక్కినా చాలన్నట్టు ఆడుతున్నారు. పరుగెత్తడానికి ఖాళీ లేదు. మీ వాళ్లు దూరం నుంచి ఇరవై షాట్లు కొడతారు, అవతలివాళ్లు ఒక్కసారి బంతి దొరికించుకుని గోల్ కొట్టి వెళ్లిపోతారు. ‘అదే పద్ధతి’ అని మీరు రాసిన మాటలోనే జవాబుంది.

ఓడిన మ్యాచ్‌ను ఒకదాన్ని తీసుకుని, ముఖ్యఘట్టాలు కాకుండా మొత్తం చూడండి. బంతి మీ మిడ్‌ఫీల్డర్ దగ్గరకు వచ్చిన ప్రతిసారీ ఆపి, అతనికి పాస్ ఇవ్వడానికి ఎంతమంది దొరుకుతున్నారో లెక్కపెట్టండి. ఇద్దరికంటే తక్కువ ఉంటే ఫార్మేషన్ మార్చాలి. మైదానాన్ని వెడల్పుగా వాడుకోమని చెప్పండి, తొందరపడకుండా బంతిని తిప్పమని చెప్పండి, పరుగెత్తేవాడి బదులు గుంపులో నిలబడి తలతో ఆడగలిగిన పొడగరిని ముందు పెట్టి చూడండి. పదిహేను మ్యాచ్‌లు ఒకే పదకొండుమందిని ఆడించారా అన్నది కూడా చూసుకోండి. అలసిన కాళ్లతో 75వ నిమిషం తర్వాత ఇచ్చుకున్న గోల్స్ ఎన్నో లెక్క తేలిస్తే సగం సంగతి బయటపడుతుంది.

ఓడిన ప్రతిసారీ పాత సేవ్‌కు, అంటే మ్యాచ్‌కు ముందు భద్రపరచుకున్న ఆటకు, వెళ్లి మళ్లీ ఆడవద్దు. మ్యాచ్‌లో అదృష్టానికీ కొంత పాలు ఉంటుంది కనుక, నాలుగుసార్లు ఆడితే ఒకసారి గెలుస్తారు. కానీ ఆ గెలుపు వల్ల లోపం ఎక్కడుందో మీకు ఎప్పటికీ తెలియదు.

ప్రశ్న: ఈ ఆటల్లో మన హైదరాబాద్ జట్టు ఉంటుందా? అసలు మనవాళ్లలో ఇటువంటి మేనేజర్ ఎవరైనా ఉన్నారా? (రిటైర్డు ఉపాధ్యాయుడు, నల్లగొండ)

కంప్యూటర్ ఎడిషన్‌లో ఇండియన్ సూపర్ లీగ్ ఉంది, 2024 ఎడిషన్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీని తీసుకుని ఆడవచ్చు. ఆ క్లబ్బు 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి లీగ్ కప్పు గెలిచింది.

రెండో ప్రశ్న అడిగింది ఒక ఉపాధ్యాయుడు కావడం నాకు ఎంతో బాగుంది, ఎందుకంటే నేను చెప్పబోయే మనిషి కూడా బడిపంతులే. హైదరాబాద్ వాసి సయ్యద్ అబ్దుల్ రహీం. 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో, 1962 జకార్తా ఆసియా క్రీడలలో మన దేశానికి ఫుట్‌బాల్ స్వర్ణాలు వచ్చినప్పుడు కోచ్ ఆయనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చినప్పుడూ ఆయనే.

జకార్తాలో ఆయన ముందుకు వచ్చిన చిక్కు అచ్చం ఈ ఆటల్లో మనకు వచ్చేటటువంటిదే. జట్టులోకెల్లా గట్టి డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి ఆరు కుట్లు పడ్డాయి. కుట్లున్న తలతో వెనక నిలబడి ఎగిరివచ్చే బంతులను అడ్డుకోవడం ప్రమాదం. పక్కన కూర్చోబెడితే జట్టు బలం తగ్గుతుంది. కుర్రతనంలో అతను ముందు వరుసలో ఆడినవాడేనన్నది గుర్తుపెట్టుకుని, రహీం అతన్ని సెమీఫైనల్‌లో సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. అతను దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టాడు. ఫైనల్‌లోనూ అక్కడే ఆడించారు. దక్షిణ కొరియా మీద మనం 2-1తో గెలిచిన ఆ మ్యాచ్‌లో ఒక గోల్ పి.కె. బెనర్జీది, రెండోది జర్నైల్ సింగ్‌ది. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు.

జర్నైల్ సింగ్‌ను ముందుకు పంపిన ఆ సాయంత్రం ఆయన చేతిలో మార్కుల పట్టిక ఏదీ లేదు, ఎన్నేళ్లుగానో ఆ కుర్రవాళ్ల ఆటను దగ్గరగా చూసిన కళ్లున్నాయి.